భూకంప ప్రణాళికలు: ఏ దేశం సిద్ధంగా ఉందో ఎక్కడ తెలుస్తుంది?

మయన్మార్‌లో 2025 మార్చి 28న 7.7 తీవ్రతతో భూమి కంపించినప్పుడు, దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలోని బ్యాంకాక్‌లో నిర్మాణంలో ఉన్న ముప్పైకి పైగా అంతస్తుల ప్రభుత్వ భవనం క్షణాల్లో కుప్పకూలింది. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ విశాఖపట్నంలో రెండు మాటలు వినిపిస్తాయి. మనది జోన్ 2 (దేశ భూకంప పటంలో ముప్పు అన్నిటికంటే తక్కువ ఉన్న వర్గం), భయం లేదన్నది ఒకటి. ఎంవీపీ కాలనీ నుంచి మధురవాడ దాకా లేచిన అపార్ట్‌మెంట్లు ఒక గట్టి కుదుపును తట్టుకుంటాయా అన్నది రెండోది. మొదటి మాటలో సగం నిజం ఉంది. రెండో ప్రశ్నకు జవాబు ఢిల్లీలో అచ్చయిన జాతీయ ప్రణాళికలో దొరకదు. ఎందుకు దొరకదో తెలియాలంటే, మనకంటే ఎక్కువగా దెబ్బతిన్న దేశాలు ఏమి రాసుకున్నాయో, రాసుకున్నదాన్ని ఏమి చేశాయో చూడాలి.

వర్ధమాన దేశాల భూకంప ప్రణాళికలను పక్కపక్కన పెట్టి చదివితే అన్నీ ఒక్క అచ్చులో పోసినట్టే కనిపిస్తాయి. జాతీయ స్థాయిలో ఒక ప్రాధికార సంస్థ, దాని కింద రాష్ట్ర, జిల్లా కమిటీలు, ఒక ప్రత్యేక సహాయక దళం, నిర్మాణ ప్రమాణాలు, ఏటా మాక్ డ్రిల్, పాఠశాలల్లో అవగాహన. 2005లో కోబేలో, 2015లో సెండాయ్‌లో దేశాలన్నీ ఒప్పుకున్న చట్రాల నుంచే ఇవి చాలావరకు రూపుదిద్దుకున్నాయి కాబట్టి ఇందులో వింత లేదు. ఫలితాలు మాత్రం దేశానికో తీరుగా ఉన్నాయి. కాగితాల మధ్య లేని తేడా ఫలితాల్లోకి ఎక్కడి నుంచి వచ్చిందన్నదే అసలు విషయం.

సంక్షిప్తంగా

భూకంపానికి ముందస్తు హెచ్చరిక దాదాపు ఉండదు కాబట్టి ప్రాణనష్టం ఎంతన్నది ఎక్కువగా భవనాల మీద ఆధారపడుతుంది. చిలీ, టర్కీ, నేపాల్, మెక్సికో, ఇండోనేషియా అనుభవాలను పోల్చితే మూడు ప్రశ్నల దగ్గర దారులు విడిపోతాయి: నిర్మాణాన్ని ఎవరు తనిఖీ చేస్తారు, ఆ తనిఖీదారుకు డబ్బు ఎవరు ఇస్తారు, లోపం బయటపడితే ఎవరు మూల్యం చెల్లిస్తారు. విశాఖపట్నానికి భూకంప ముప్పు తక్కువే. కానీ స్టిల్ట్ పార్కింగ్ (కింది అంతస్తులో గోడల్లేకుండా పిల్లర్ల మధ్య వదిలిన స్థలం) మీద నిలిచిన అపార్ట్‌మెంట్లు, రేవు చుట్టూ ఉన్న మెత్తని నేలలు, వాటి పక్కనే ఉన్న ఇంధన, రసాయన పరిశ్రమలు ఆ తక్కువ ముప్పు వల్ల కలిగే నష్టాన్ని పెంచగలవు.

తుపాను లెక్క ఇక్కడ పనికిరాదు

ఆంధ్రప్రదేశ్ యంత్రాంగానికి విపత్తు అంటే ముందుగా గుర్తొచ్చేది తుపాను. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెనలో పదివేల మందికి పైగా చనిపోయారు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ నేరుగా విశాఖ తీరాన్ని తాకి నగరాన్ని ఛిన్నాభిన్నం చేసినా మృతుల సంఖ్య పదుల్లోనే ఆగింది. ఈ తేడాకు ప్రధాన కారణం సమయం. వాయుగుండం పుట్టిన దగ్గర నుంచి ఉపగ్రహాలు దాన్ని వెంటాడతాయి. పడవలు వెనక్కి వస్తాయి, లోతట్టు గ్రామాలు ఖాళీ అవుతాయి, కలెక్టరేట్లలో కంట్రోల్ రూములు తెరుచుకుంటాయి. అంటే ప్రాణాలు కాపాడే పని చాలావరకు విపత్తుకు ముందు రెండు మూడు రోజుల్లో జరుగుతుంది.

భూకంపం విషయంలో ఆ రెండు మూడు రోజులు లేవు. భూమిలోపల పలక జారిన క్షణం నుంచి బలమైన అలలు నగరాన్ని చేరేలోపు దొరికేది సెకన్లే. ఏ భూకంపం ఎప్పుడు వస్తుందో చెప్పగల శాస్త్రం ఇప్పటికీ లేదు. తుపానుకు రెండు రోజుల్లో చేసే పని భూకంపానికి ముప్పై ఏళ్ల పాటు, పునాది తవ్విన ప్రతి స్థలంలో, స్లాబ్ వేసిన ప్రతిరోజూ జరగాలి. కంట్రోల్ రూము నుంచి నడిపించే వ్యవస్థకు ఇది అలవాటు లేని పని.

చిలీ, హైతీ: ఆరు వారాల వ్యవధిలో

2010 జనవరి 12న హైతీలో 7.0 తీవ్రతతో భూకంపం వచ్చింది. మృతుల అంచనాలు లక్ష నుంచి మూడు లక్షల దాకా ఉన్నాయి. ఆరు వారాలు తిరిగాక, ఫిబ్రవరి 27న, చిలీలో 8.8 తీవ్రతతో వచ్చిన భూకంపంలో సుమారు 525 మంది చనిపోయారు. తీవ్రత కొలమానంలో 1.8 తేడా అంటే విడుదలైన శక్తిలో దాదాపు 500 రెట్లు. హైతీలో భూకంప కేంద్రం రాజధానికి చాలా దగ్గర, లోతు తక్కువ అన్న మాట నిజమే. అయినా అంత తేడాకు అది ఒక్కటే కారణం కాలేదు. హైతీలో అమల్లో ఉన్న భవన నిబంధనావళి అంటూ లేదు.

చిలీకి 1960లో వాల్డివియా దగ్గర 9.5 తీవ్రత భూకంపం గుణపాఠం. పరికరాల మీద నమోదైన వాటిలో ప్రపంచంలోకెల్లా పెద్దది అదే. చిలీ ఇవాళ అధికాదాయ దేశాల జాబితాలో ఉంది కానీ, భూకంప నిర్మాణ సంస్కృతికి పునాది పడిన కాలంలో అది పేద దేశమే. అక్కడి ఎత్తైన భవనాల్లో సన్నని పిల్లర్ల మీద భారం వేయడం కంటే కాంక్రీట్ గోడలను విస్తారంగా వాడటం రివాజు. డిజైన్ చేసిన ఇంజనీరు లెక్కలను మరో స్వతంత్ర ఇంజనీరు పరిశీలించే పద్ధతి చట్టంలో ఉంది. భవనాన్ని మొదట అమ్మిన యజమాని నిర్మాణ లోపాలకు పదేళ్లపాటు చట్టపరంగా బాధ్యుడు. చేతులు మారాక కూడా ఆ బాధ్యత అతన్ని వదలదు.

ఈ చివరి నిబంధన పనిచేసే తీరు సూటిగా ఉంటుంది. పిల్లర్‌లో నిలువు చువ్వలను చుట్టి పట్టే ఇనుప రింగుల మధ్య దూరం పెంచి నాలుగు టన్నుల ఇనుము మిగిల్చుకుంటే ఇవాళ లాభం. పదేళ్లలో ఒక పెద్ద భూకంపం రావడం దాదాపు ఖాయమైన దేశంలో ఆ లాభం రేపటి దావాకు బయానా అవుతుంది. 2010లో కన్సెప్సియోన్ నగరంలో 15 అంతస్తుల కొత్త భవనం వెల్లకిలా పడి ఎనిమిది మంది చనిపోయినప్పుడు బాధ్యుల మీద క్రిమినల్ కేసులు నడిచాయి. మన దగ్గర 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) నిర్మాణ లోపాలకు బిల్డర్‌ను ఐదేళ్ల పాటు బాధ్యుణ్ని చేసింది. సూత్రం ఒకటే. కాకపోతే విశాఖ లాంటి చోట ఐదేళ్లలో ఏ కుదుపూ రాకపోవచ్చు. అప్పుడు పిల్లర్‌లోని లోపం బయటపడే అవకాశమే ఉండదు. అరుదుగా భూకంపాలు వచ్చే ప్రాంతంలో నష్టపరిహార భయం ఒక్కటే కాపలా కాయలేదు. తనిఖీ నిర్మాణ సమయంలోనే జరగాలి.

చిలీ కథలో మచ్చ కూడా ఉంది. అదే 2010లో సునామీ హెచ్చరిక వ్యవస్థ గందరగోళపడి, జారీ చేసిన హెచ్చరికను వెనక్కి తీసుకుంది. తీరంలో వంద మందికి పైగా అలలకు బలయ్యారు. తర్వాత ఆ వ్యవస్థను మొత్తంగా దిద్దారు. 2015లో 8.3 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు దాదాపు పది లక్షల మంది తీరం విడిచి ఎత్తైన ప్రాంతాలకు చేరారు. మృతులు 15 మంది.

టర్కీ: చట్టాలకు కొదవ లేదు

కాగితం మీద చూస్తే వర్ధమాన దేశాల్లో టర్కీ అంత సమగ్రంగా సిద్ధమైన దేశం మరొకటి అరుదు. 1999 ఆగస్టు 17న ఇజ్మిత్ భూకంపంలో 17 వేల మందికి పైగా మరణించాక అక్కడ జరిగిన మార్పుల జాబితా పొడవైనది. భూకంపం పేరుతో ప్రత్యేక పన్ను. 2000లో ఇళ్లకు తప్పనిసరి భూకంప బీమా. 2001లో భవన తనిఖీ చట్టం. 2009లో ఒకే గొడుగు కింద విపత్తు సంస్థ. 2012 నుంచి 2023 వరకు జాతీయ భూకంప వ్యూహం, కార్యాచరణ ప్రణాళిక. 2007లో, మళ్లీ 2018లో సవరించిన నిర్మాణ ప్రమాణాలు. వ్యూహం గడువు ముగిసే ఏడాది, 2023 ఫిబ్రవరి 6న, 7.8, 7.5 తీవ్రతలతో ఒకే రోజు రెండు భూకంపాలు వచ్చాయి. ఒక్క టర్కీలోనే 53 వేల మందికి పైగా చనిపోయారు.

కదలిక చాలాచోట్ల ప్రమాణాలు ఊహించిన స్థాయిని మించిందన్న వాదనలో నిజం ఉంది. పాత భవనాలు ఎక్కువగా కూలాయన్నదీ నిజమే. కానీ అంతాక్యలో కట్టి పదేళ్లు దాటిందో లేదో అన్న 12 అంతస్తుల విలాస సముదాయం కూడా పక్కకు ఒరిగిపోయింది. కొత్త ప్రమాణాల కింద అనుమతి పొందిన భవనాలు కూలడానికి వెనుక రెండు యంత్రాంగాలను చూడాలి.

మొదటిది తనిఖీ. 2001 చట్టం ఈ పనిని లైసెన్సు పొందిన ప్రైవేటు సంస్థలకు అప్పగించింది. 19 ప్రావిన్సులతో మొదలై 2011 నాటికి గానీ దేశమంతా విస్తరించలేదు. తనిఖీ సంస్థను ఎంచుకునేది, దానితో బేరం కుదుర్చుకునేది ఆచరణలో బిల్డరే అయ్యాడు. గట్టిగా పట్టుకునే సంస్థకు మరో పని దొరకదు, చూసీచూడనట్టు పోయేవారికి పనికి లోటుండదు. ఈ లోపాన్ని గుర్తించి 2019 నుంచి సంస్థలను కంప్యూటర్ ద్వారా కేటాయించడం మొదలుపెట్టారు. అప్పటికి లక్షల భవనాలు పాత పద్ధతిలోనే పూర్తయ్యాయి.

రెండోది క్షమాభిక్ష. 2018లో ఎన్నికల ముందు ప్రకటించిన పథకం కింద, అనుమతి లేకుండా కట్టిన లేదా అనుమతికి మించి అంతస్తులు వేసిన భవనాలను రుసుము కట్టించుకుని క్రమబద్ధం చేశారు. దరఖాస్తుకు యజమాని స్వయం ప్రకటన చాలు. భూకంపాన్ని తట్టుకునే బాధ్యత యజమానిదేనని ఒక వాక్యం చేర్చి ప్రభుత్వం పక్కకు తప్పుకుంది. ఒక పక్క కోడ్‌ను కఠినం చేస్తూ, మరో పక్క కోడ్ ఉల్లంఘనకు ధర నిర్ణయించడం ఒకే ఏడాది జరిగింది.

టర్కీలో పనిచేసినవీ ఉన్నాయి, వాటిని వదిలేయడం అన్యాయం. భూకంప బీమా లేనిదే కొత్త విద్యుత్, నీటి కనెక్షన్ ఇవ్వకూడదన్న 2012 నిబంధన బీమా పరిధిని బాగా పెంచింది. పెద్ద ఆస్పత్రులను కుదుపు నుంచి వేరుచేసే పునాది బేరింగుల మీద కట్టాలన్న విధానం వల్ల 2023లో అదానా లాంటి చోట్ల ఆస్పత్రులు ఆగకుండా నడిచాయి.

నేపాల్: మేస్త్రీ చేతికి అందిన ప్రమాణం

నేపాల్ పేదరికం దాని ప్రణాళికను ఒక ఆసక్తికరమైన దారి పట్టించింది. 1988 భూకంపం తర్వాత 1994 నాటికి భవన నిబంధనావళి తయారైంది. ఇళ్లలో అత్యధికం ఇంజనీరు గడప తొక్కకుండా మేస్త్రీలు కట్టేవే అని గుర్తించి, చిన్న ఇళ్లకు లెక్కలు అవసరం లేని తయారు కొలతల పట్టికలను అందులో చేర్చారు. పిల్లర్ సైజు ఇంత, చువ్వలు ఇన్ని, గోడ మధ్యలో కాంక్రీట్ పట్టీ ఈ ఎత్తులో. చదివి పాటించగలిగే రూపంలో ప్రమాణం ఉండాలన్న ఆలోచన అది. లలిత్‌పూర్ నగరం 2003లో దాన్ని అమలు చేసి ముందుకు వచ్చింది. మిగతా ఊళ్లు తాపీగా వచ్చాయి, చాలా గ్రామాలకు అసలు చేరలేదు.

2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూకంపం వచ్చి దాదాపు 9 వేల మంది చనిపోయారు. ఆ రోజు శనివారం, నేపాల్‌లో వారాంతపు సెలవు, మధ్యాహ్నం కావస్తున్న వేళ. వేలాది తరగతి గదులు ఖాళీగా కూలాయి. పాకిస్తాన్‌లో 2005 అక్టోబర్ 8 భూకంపం బడి వేళలో రావడం వల్ల వేలాది మంది పిల్లలు తరగతి గదుల్లోనే చనిపోయారు. రెండింటి మధ్య తేడా ప్రణాళిక వల్ల వచ్చింది కాదు, క్యాలెండర్ వల్ల వచ్చింది. అయితే కాఠ్మాండూ లోయలో ముందుగానే గోడలకు పట్టీలు వేసి బలపరచిన పాఠశాలలు నిలబడటం యాదృచ్ఛికం కాదు. వాటిలో కొన్ని ఆ రాత్రుల్లో ఆశ్రయ కేంద్రాలయ్యాయి.

పునర్నిర్మాణంలో నేపాల్ వాడిన పద్ధతి పోలికకు బాగా పనికొస్తుంది. ఇల్లు కోల్పోయిన కుటుంబానికి 3 లక్షల నేపాలీ రూపాయలు మూడు విడతలుగా ఇచ్చారు. మొదటి 50 వేలతో పునాది వేయాలి. సాంకేతిక సిబ్బంది చూసి ఒప్పుకుంటేనే తర్వాతి లక్షన్నర. పైకప్పు దశలో మళ్లీ తనిఖీ, అప్పుడు మిగతా లక్ష. తనిఖీకి, డబ్బుకు ముడి వేయడం వల్ల కొండ ఊళ్లలో కూడా ప్రమాణం నడిచింది. ఆలస్యాలు, ఫిర్యాదులు లేకపోలేదు. సాయం అందని పశ్చిమ జిల్లాల్లో మాత్రం పాత రాతి, మట్టి గోడలే మిగిలాయి. 2023 నవంబరులో జాజర్‌కోట్ ప్రాంతంలో అంతకంటే చాలా చిన్న భూకంపానికే 150 మందికి పైగా బలయ్యారు.

సైరన్ ఎక్కడ పనిచేస్తుంది

మెక్సికో నగరం 1985 సెప్టెంబర్ 19న 350 కిలోమీటర్లకు పైగా దూరంలో పుట్టిన 8.0 తీవ్రత భూకంపానికి వేలాది మందిని కోల్పోయింది. నగరం కింద ఉన్నది ఎండిపోయిన సరస్సు బంకమట్టి. దూరం నుంచి బలహీనపడి వచ్చిన నిదానమైన అలలు ఆ మట్టిలో మళ్లీ పెద్దవై, సుమారు ఆరు నుంచి పదిహేను అంతస్తుల భవనాల సహజ ఊపుతో లయ కలిపాయి. చిన్న ఇళ్లు, మరీ ఎత్తైన టవర్లు చాలావరకు బతికాయి. ఆ తర్వాత నేల రకాన్ని బట్టి నగరాన్ని విభజించి నిబంధనలు రాశారు. పసిఫిక్ తీరంలో సెన్సర్లు పెట్టి, అలలు రాజధాని చేరడానికి నిమిషం ముందు మోగే హెచ్చరిక వ్యవస్థను 1991లో నెలకొల్పారు.

2017లో, అదే సెప్టెంబర్ 19న, ఉదయం వార్షిక డ్రిల్ జరిగిన రెండు గంటలకు 7.1 తీవ్రత భూకంపం వచ్చింది. కేంద్రం నగరానికి దగ్గర కావడంతో చాలాచోట్ల సైరన్, కుదుపు దాదాపు కలిసే వచ్చాయి. సుమారు 370 మంది చనిపోయారు. కూలిన వాటిలో ఎక్కువ భాగం 1985కు ముందు నిబంధనలతో కట్టినవే. కొత్త కోడ్ కొత్త భవనాలకే వర్తిస్తుంది, నగరంలో ఎక్కువ మంది ఉండేది పాత వాటిలో. ఏ దేశమూ ఈ చిక్కుముడిని పూర్తిగా విప్పలేదు. ప్రత్యేక విపత్తు నిధి, అంతర్జాతీయ మార్కెట్లో విపత్తు బాండ్లు అంటూ పేరు తెచ్చుకున్న మెక్సికో, 2020లో ఆ నిధినే రద్దు చేసే నిర్ణయం తీసుకుంది. ప్రణాళికలకూ ఆయుష్షు ఉంటుంది.

ఇండోనేషియాలో 2018 సెప్టెంబరులో పాలూ నగరాన్ని సునామీ నిమిషాల్లో ముంచింది. 2004 తర్వాత కట్టుకున్న హెచ్చరిక వ్యవస్థలోని బోయ్‌లు (సముద్రంలో తేలే సెన్సర్లు) అప్పటికి కొన్నేళ్లుగా పనిచేయడం లేదు. పనిచేసినా అంత తక్కువ వ్యవధిలో ఒరిగేది కొద్దిగానే. దీనికి భిన్నంగా 2004లో సిమెయులు దీవి వాసులు నేల ఊగగానే ఎవరి కబురూ ఆశించకుండా కొండ ఎక్కారు. తాతల నాటి నుంచి వస్తున్న సునామీ కథ వారికి ఆ పని నేర్పింది.

విశాఖ తీరానికి ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. సుమత్రా, అండమాన్ వైపు పుట్టిన సునామీ ఇక్కడికి చేరడానికి రెండు గంటలకు పైగా పడుతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (జాతీయ సముద్ర సమాచార సంస్థ) 2007 నుంచి నడుపుతున్న సునామీ హెచ్చరిక కేంద్రం భూకంపం నమోదైన కొద్ది నిమిషాల్లోనే సమాచారం పంపగలదు. 2004లో రాష్ట్ర తీరంలో వంద మందికి పైగా చనిపోయింది ఆ కేంద్రం లేనందువల్లే అనడం తప్పు కాదు. తుపాను యంత్రాంగం అలవాటు సరిగ్గా పనికొచ్చే చోటు ఇదే: ఫిషింగ్ హార్బర్, భీమిలి, పూడిమడక లాంటి చోట్ల ఖాళీ చేయించడానికి సమయం ఉంటుంది.

భారత్: ఒక్కో విపత్తుకు ఒక్కో అధ్యాయం

భారతదేశంలో భూకంప నిర్మాణ ప్రమాణం ఐఎస్ 1893 మొదట వచ్చింది 1962లోనే. కానీ దేశ వైఖరిని మలిచింది రెండు దుర్ఘటనలు. 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని కిల్లారిలో 6.2 తీవ్రత భూకంపానికి 8 వేల నుంచి 10 వేల మంది చనిపోయారు. అప్పటి పటంలో ఆ ప్రాంతం జోన్ 1, అంటే అన్నిటికంటే సురక్షితం. దక్కన్ పీఠభూమి కదలదన్న నమ్మకం ఆ రోజుతో పోయింది. 2002 సవరణలో జోన్ 1 అనే వర్గాన్నే ఎత్తేసి జోన్ 2లో కలిపారు. 2001 జనవరి 26న భుజ్ భూకంపంలో, సుమారు 250 కిలోమీటర్ల దూరంలోని అహ్మదాబాద్‌లో పదుల సంఖ్యలో బహుళ అంతస్తుల భవనాలు కూలి దాదాపు 750 మంది మరణించారు. దూరం రక్షణ ఇవ్వదని, కింద పార్కింగ్ వదిలి పైన గోడలు నింపిన భవనాలు మొదట పడతాయని ఆ నగరం చూపించింది.

2005 విపత్తు నిర్వహణ చట్టం, జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ (ఎన్డీఎంఏ), జాతీయ విపత్తు సహాయక దళం (ఎన్డీఆర్ఎఫ్), 2016లో మొదటి జాతీయ ప్రణాళిక, 2019లో దాని సవరణ ఆ తర్వాత వచ్చాయి. భూకంపాలపై 2007లో ఎన్డీఎంఏ ఇచ్చిన మార్గదర్శకాలు ఆరు స్తంభాల మీద నిలిచాయి: కొత్త కట్టడాలను తట్టుకునేలా కట్టడం, ముఖ్యమైన పాతవాటిని బలపరచడం, నియంత్రణ, అవగాహన, శిక్షణ, చివరగా సహాయ చర్యలు. వరుసలో సహాయ చర్యలు చివర రావడం గమనించదగ్గది. బయట కనిపించేది, బడ్జెట్‌లో కనిపించేది మాత్రం ఎక్కువగా ఆ చివరి స్తంభమే. 15వ ఆర్థిక సంఘం విపత్తు నిధిలో 20 శాతాన్ని ముందస్తు నివారణకు విడిగా ఉంచడం ఈ వరుసను కొంత సరిచేసింది.

అసలు బలహీనత అధికార విభజనలో ఉంది. ప్రమాణం రాసేది కేంద్ర సంస్థ. అది కట్టుబాటు కావాలంటే రాష్ట్ర భవన నిబంధనల్లోకి ఎక్కాలి. అమలు చేయాల్సింది మున్సిపల్ టౌన్ ప్లానింగ్ విభాగం. ఆ విభాగం చూపు సహజంగానే సెట్‌బ్యాక్ (భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ), ఎత్తు, రోడ్డు వెడల్పు మీద ఉంటుంది. పిల్లర్ లోపల ఏముందన్నది లైసెన్సు పొందిన స్ట్రక్చరల్ ఇంజనీరు సంతకానికి వదిలేస్తారు. ఆ ఇంజనీరుకు ఫీజు ఇచ్చేది బిల్డర్. టర్కీ 2019 వరకు నడిపిన పద్ధతికి ఇది దగ్గరి బంధువే.

జోన్ 2లో ఏమి సడలుతుంది

2016 నాటి ఐఎస్ 1893 ప్రకారం విశాఖపట్నం జోన్ 2లో, విజయవాడ జోన్ 3లో ఉన్నాయి. జోన్ 2 అంటే భూకంపం రాదని అర్థం కాదు. డిజైన్‌లో లెక్కకు తీసుకునే కుదుపు తక్కువ అని మాత్రమే. జోన్ గుణకం విశాఖకు 0.10, హిమాలయ ప్రాంతాల జోన్ 5కు 0.36. చుట్టుపక్కల చరిత్ర కూడా మధ్యస్థ భూకంపాలదే: 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబర్ 4న ములుగు, అన్నీ ఐదుకు పైన, ఆరుకు లోపల. 2014 మే 21న బంగాళాఖాతంలో ఆరు తీవ్రతతో వచ్చినప్పుడు విశాఖ వాసులు రాత్రి వేళ వీధుల్లోకి వచ్చారు.

పెద్దగా చర్చకు రాని తేడా మరొకటి ఉంది. కాంక్రీట్ భవనం విరగకుండా వంగి నిలబడేలా చువ్వలు, రింగులు ఎలా కట్టాలో చెప్పే ఐఎస్ 13920 ప్రమాణం జోన్ 3, 4, 5లలో తప్పనిసరి. జోన్ 2లో ఐచ్ఛికం. రింగు కొసలను 135 డిగ్రీలు వంచి లోపలికి దించడం, పిల్లర్, బీమ్ కలిసే చోట రింగులు దగ్గర దగ్గరగా వేయడం లాంటి పనులకు ఖర్చు కొద్దిగా, చాకిరీ ఎక్కువ. తప్పనిసరి కానిచోట రాడ్ బెండింగ్ మేస్త్రీకి ఆ అలవాటే రాదు. కొసలను 90 డిగ్రీల దగ్గర ఆపేస్తే, పైపూత కాంక్రీట్ రాలగానే రింగు విచ్చుకుంటుంది, చువ్వలు బయటికి ఉబ్బుతాయి, పిల్లర్ నలుగుతుంది. కుదుపు తక్కువే అన్న అంచనా సరైనదైతే ఇవేవీ జరగవు. కిల్లారిలో అంచనా తప్పింది.

విశాఖ నేల, విశాఖ కట్టడం

నగరం రెండు రకాల నేల మీద ఉంది. కైలాసగిరి, యారాడ వైపు ఖోండలైట్ అనే రాతి కొండలు గట్టివి. 1933లో మొదలైన రేవు లోపలి హార్బర్‌ను ఆటుపోట్ల చిత్తడి నేలను తవ్వి కట్టారు. ఆ చుట్టుపక్కల మెత్తని సముద్రపు బంకమట్టి లోతుగా ఉంది. మెక్సికోలో జరిగినది ఇక్కడ అదే స్థాయిలో జరుగుతుందని కాదు గానీ, ఒకే జోన్ గుణకంతో రెండు నేలలనూ చూడలేమన్నది ఆ నగరం నేర్పిన పాఠం. ఢిల్లీ, కోల్‌కతా, బెంగళూరు, గువాహటి లాంటి నగరాలకు వార్డు స్థాయిలో నేల స్పందనను చూపే సూక్ష్మ పటాలు తయారయ్యాయి. ఇంత తేడా నేలలున్న నగరంలో అలాంటి పటం జోన్ సంఖ్య కంటే ఎక్కువ చెబుతుంది.

సీతమ్మధార, ఎంవీపీ, గాజువాక, ఎక్కడ చూసినా అపార్ట్‌మెంట్ నమూనా ఒకటే: కింద స్టిల్ట్ పార్కింగ్, పైన ఐదు అంతస్తుల ఇటుక గోడలు. పై భాగం పెట్టెలా బిగుతుగా ఉంటుంది, కింది పిల్లర్లు ఒంటరిగా ఊగుతాయి. అహ్మదాబాద్‌లో పడినవాటిలో ఈ రకం చాలా ఉన్నాయి. మందు తెలిసినదే, మరీ ఖరీదైనదీ కాదు: పార్కింగ్ అంతస్తులో కొన్నిచోట్ల పునాది నుంచి కాంక్రీట్ గోడలు వేయడం. పాత భవనానికి కూడా చేయవచ్చు, అందులో ఉన్న ఫ్లాట్ల యజమానులంతా ఒప్పుకుంటే. ఒప్పించడమే కష్టం.

అనుమతికి మించి వేసిన అంతస్తుల సంగతి టర్కీని గుర్తుచేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో భవన క్రమబద్ధీకరణ పథకం (బీపీఎస్) పేరుతో 2015, 2019 సహా పలుమార్లు అనధికార నిర్మాణాలను జరిమానాతో క్రమబద్ధం చేశారు. స్థాయిలో, ముప్పులో టర్కీతో దీన్ని సమానం చేయలేం. యంత్రాంగం మాత్రం ఒకే తీరుగా పనిచేస్తుంది. మూడు అంతస్తుల లెక్కతో వేసిన పునాది మీద నాలుగోది లేస్తే, ఆ తర్వాత ఇంజనీరు ధ్రువపత్రం తెచ్చుకున్నా, పూర్తయిన పిల్లర్ లోపల రింగులు ఎంత దూరంలో ఉన్నాయో బయట నుంచి చూసి చెప్పడం సాధ్యం కాదు. పథకం మళ్లీ వస్తుందన్న నమ్మకం తర్వాతి బిల్డర్‌ను ఎలా నడిపిస్తుందో చెప్పనక్కర్లేదు.

రిఫైనరీ పక్కన భూకంపం

విశాఖకు మిగతా నగరాల కంటే భిన్నమైన ముప్పు రేవు చుట్టూ ఉంది. రిఫైనరీ, గ్యాస్, అమ్మోనియా నిల్వలు, ఉక్కు కర్మాగారం, వాటిని ఆనుకునే జనావాసాలు. 1997 సెప్టెంబర్ 14న హెచ్‌పీసీఎల్ రిఫైనరీ అగ్నిప్రమాదంలో సుమారు 60 మంది, 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ లీకేజీలో 12 మంది చనిపోయారు. ఈ రెండింటిలో భూకంపం ప్రమేయం లేదు.

ప్రమేయం ఉంటే ఎలా ఉంటుందో 1999లో ఇజ్మిత్ చూసింది. అక్కడి రిఫైనరీలో వంద మీటర్లకు పైబడిన చిమ్నీ కూలి ముడిచమురు యూనిట్ మీద పడింది. నాఫ్తా ట్యాంకుల్లో ద్రవం ఊగి, తేలే పైకప్పులు రాపిడికి లోనై మంటలు లేచాయి. ఆర్పడానికి నీళ్లు తెచ్చే పైపులైన్ అదే కుదుపుకు పగిలిపోయింది. రోజుల తరబడి విమానాలతో పోరాడాల్సి వచ్చింది. పేలుడు భయంతో చుట్టూ కిలోమీటర్ల మేర జనాన్ని ఖాళీ చేయించినప్పుడు, పక్క వీధుల్లో శిథిలాల కింద ఉన్నవారి కోసం సాగుతున్న గాలింపు ఆగిపోయింది.

పరిశ్రమల ఆఫ్‌సైట్ అత్యవసర ప్రణాళికలకు, అంటే ప్రమాదం గేటు దాటినప్పుడు అమలయ్యేవాటికి, సాధారణ ఆధారం పరస్పర సహాయం. ఒక యూనిట్‌లో మంటలు లేస్తే పక్క యూనిట్ల ఫైర్ ఇంజన్లు వస్తాయి. భూకంపంలో యూనిట్లన్నీ ఒకేసారి కుదుపుకు లోనవుతాయి కాబట్టి ఎవరి బండి వారి గేటు లోపలే ఉండిపోతుంది. నగరానికి, పరిశ్రమలకు దూరం నుంచి నీళ్లు తెచ్చే ఏలేరు కాలువకు గండి పడితే ఇజ్మిత్ పరిస్థితి మరో రూపంలో ఎదురవుతుంది. జిల్లాలో జరిగే మాక్ డ్రిల్‌లో ఈ రెండు లోపాలనూ, అంటే నీళ్లు రాకపోవడాన్ని, పక్క యూనిట్ రాకపోవడాన్ని, కలిపి పరీక్షించడానికి పెద్ద ఖర్చు అవసరం లేదు. జోన్ పటం మారేదాకా ఆగాల్సిన పని కూడా లేదు.